సొర పేరు రాసుకున్న డాక్టరు – పాట్రిక్ రస్సెల్

ఈసారి సావనీరుకు ఏదైనా రాసి ఇమ్మని విద్యార్థి సంఘం వాళ్ళు ఇంటికి వచ్చి అడిగారు. సరేనని ఒప్పుకున్నాను గాని, ఏం రాయాలో తోచక పాత ట్రంకు పెట్టె తెరిచాను. అందులో నా జంతుశాస్త్రం ప్రాక్టికల్ రికార్డు దొరికింది. అట్ట ఊడిపోయింది, కాగితాలు పసుపెక్కాయి, అయినా ఫార్మలిన్ వాసన మాత్రం ఇంకా పోలేదని నాకనిపించింది. మొదటి పేజీలోనే పెన్సిలుతో వేసిన ఒక చేప బొమ్మ ఉంది. దాని కింద వంకర అక్షరాలతో, లాటిన్‌లో, స్కోలియోడాన్ సొర్రకోవా అని రాసుకున్నాను.

డెబ్బైల్లో జంతుశాస్త్రం చదివిన వాళ్ళెవరూ ఈ పేరు మరిచిపోరు. పన్నెండు అంగుళాల మైనపు ట్రేలో గుండుసూదులతో బిగించి, తల కోసి, కపాల నాడులు ఒక్కొక్కటీ తెంపకుండా బయటికి తీయాలి. అయిదోది తెగిందంటే మార్కులు పోయినట్టే. ఇప్పుడు కాలేజీల్లో డిసెక్షన్లు మానిపించారు గనుక నేటి విద్యార్థులకు ఆ తంటా లేదు. మేము మాత్రం ఆ లాటిన్ పేరును ఎక్కాల్లాగా బట్టీ పట్టాం. ఎక్కడి రోమనులో ఎప్పుడో పెట్టిన పేరనుకున్నాం.

మా బ్యాచిలో సముద్రపొడ్డున జాలరి పేట నుంచి వచ్చే మిత్రుడొకడు ఉండేవాడు. రికార్డులో ఆ పేరు రాస్తూ రాస్తూ ఒకరోజు ఆగిపోయి గట్టిగా నవ్వాడు. ఇందులో లాటినేముందిరా, ఇది మా అమ్మ బుట్టలో పెట్టుకుని వీధుల్లో అమ్మే సొర కదా అన్నాడు. మేమంతా బిత్తరపోయి మళ్ళీ చదువుకున్నాం. నిజమే. సొర్ర. మన సొర. మన తీరపు తెలుగు మాట లాటిన్ కోటు తొడుక్కుని మా రికార్డుల్లో కూర్చుంది. మరి దాన్ని అక్కడ కూర్చోబెట్టినవాడెవడు? ఆ ప్రశ్నకు జవాబుగానే డాక్టర్ పాట్రిక్ రస్సెల్ కథ నాకు తెలిసింది. ఈ ఊళ్ళో చదువుకున్న వాళ్ళు తప్పక తెలుసుకోదగిన కథ అది.

పాట్రిక్ రస్సెల్ 1726లో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో పుట్టాడు. తండ్రి న్యాయవాది. ఇల్లు పెద్దది, పిల్లలు ఎక్కువ. సవతి అన్న అలెగ్జాండర్ రస్సెల్ వైద్యం చదివి, సిరియా దేశంలో అలెప్పో నగరానికి వెళ్ళి, అక్కడ వర్తకం చేసుకునే ఇంగ్లీషు కంపెనీకి డాక్టరుగా కుదిరాడు. ఆ అన్న అడుగుజాడల్లోనే తమ్ముడూ వైద్యం చదివాడు. 1750లో తానూ అలెప్పో చేరుకున్నాడు. 1753లో అన్న ఇంగ్లండుకు తిరిగిపోతూ ఆ ఉద్యోగాన్ని తమ్ముడి చేతిలో పెట్టాడు.

అన్నదమ్ములిద్దరికీ ఒకటే పిచ్చి. రోగిని చూసిన కంటితోనే ఊరినీ చూసేవారు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుంది, ఏ చేప ఏ నెలలో బజారుకు వస్తుంది, జనం ఏం తింటారు, ఏ జబ్బు ఏ కాలంలో వస్తుంది, ఇవన్నీ రాసిపెట్టుకునేవారు. అలెగ్జాండర్ 1756లో అలెప్పో ప్రకృతి చరిత్ర అనే గ్రంథాన్ని అచ్చు వేయించాడు. చాలా ఏళ్ళ తరువాత, 1794లో, దాన్ని దిద్ది పెంచి రెండు సంపుటాలుగా మళ్ళీ తీసుకువచ్చింది పాట్రిక్కే. అప్పటికి అన్న చనిపోయి పాతికేళ్ళు దాటింది.

అలెప్పోలో ఉండగానే పాట్రిక్ జీవితంలో పెద్ద పరీక్ష ఎదురయింది. 1760 నుంచి 1762 వరకు ఆ నగరాన్ని ప్లేగు పట్టి పీడించింది. కలవారు తలుపులు బిగించుకున్నారు, కొందరు ఊరు విడిచారు. రస్సెల్ మాత్రం ఉండిపోయాడు. రోగులను చూస్తూ, రోగం ఎలా మొదలవుతుంది, ఎన్నాళ్ళుంటుంది, ఎవరికి వస్తుంది, ఎవరు బతుకుతారు అని వందల కొద్దీ వివరాలు రాసుకున్నాడు. ముప్పయ్యేళ్ళ తరువాత, 1791లో, ఆ నోటు పుస్తకాలే ప్లేగు మీద పెద్ద గ్రంథంగా వెలువడ్డాయి. అక్కడి పాషా ఆయన్ను మెచ్చి తలపాగా ధరించే గౌరవం ఇచ్చాడని చెబుతారు. 1771లో అలెప్పో విడిచి, లండనులో వైద్యం సాగించాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. మామూలుగా అయితే కథ ఇక్కడితో ముగియాలి. యాభై దాటిన డాక్టరు, పేరు వచ్చింది, నాలుగు రాళ్ళు వెనకేసుకుని ఇంటిపట్టున ఉండవచ్చు.

అలా జరగలేదు. తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పరిపాలనాధికారిగా ఉండేవాడు. ఆ తమ్ముడికి తోడుగా పాట్రిక్ 1781లో ఓడ ఎక్కి విశాఖపట్నం వచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరాలు. మన దగ్గర ఆ వయస్సులో చాలామంది రిటైర్‌మెంటు లెక్కలు వేసుకుంటారు. ఆయన కొత్త దేశంలో, కొత్త భాషలో, మళ్ళీ మొదటి తరగతి విద్యార్థిలా కూర్చున్నాడు.

అప్పటి విశాఖపట్నం మనకు తెలిసిన ఊరు కాదు. ఓడరేవు లేదు, కర్మాగారాలు లేవు, మన విశ్వవిద్యాలయమూ లేదు. కొండల మధ్య చిన్న పట్నం, కంపెనీ వారి బంగళాలు, ఇసుక మీద తెప్పలు, ఆరేసిన వలలు. కాని పాములు మాత్రం ఎక్కువే. పాముకాటుకు జనం చనిపోతుంటే రస్సెల్ వైద్యుడిగా చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఏ పాము విషమున్నది, ఏది లేనిది అన్న సంగతి జనానికి తేలిగ్గా గుర్తుపట్టేలా చెప్పగలిగితే ఎన్నో ప్రాణాలు దక్కుతాయని ఆయన ఆశ. పాములను తెప్పించుకుని, కోరలు పరీక్షించి, పొలుసులు లెక్కపెట్టి, కుక్కల మీద, కోళ్ళ మీద విష ప్రయోగాలు చేశాడు. ఆ మూగజీవాల సంగతి చదువుతుంటే ఇప్పుడు మనసు చివుక్కుమంటుంది గాని, ఆ కాలానికి అదే పద్ధతి. పాషాణం కలిసిన తంజావూరు మాత్రలు విషానికి విరుగుడని అప్పట్లో గొప్ప పేరు. దాన్ని కూడా నమ్మకం మీద వదిలేయక పరీక్షకు పెట్టాడు.

1785లో కంపెనీ వారి ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ చనిపోగా, ఆ ఉద్యోగం రస్సెల్‌కు వచ్చింది. అదే రోజుల్లో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ మొక్కల మీద పని చేస్తున్నాడు. ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795లో వెలువడ్డప్పుడు దానికి ముందుమాట రాసింది రస్సెలే. తన పాముల పుస్తకం 1796లో వచ్చింది. అందులో ఒక పాముకు కాటుక రేకుల పొడ అనే తెలుగు పేరు రాశాడు. మరుసటి ఏడాది ఆ పాముకు శాస్త్రజ్ఞులు రస్సెల్ పేరే పెట్టారు. మనం రక్తపింజరి అనే పాము లోకమంతటికీ రస్సెల్ వైపర్. మన బంగారు పాము పేరు నుంచే కట్లపాముల జాతికి బంగారస్ అనే లాటిన్ పేరు పుట్టింది. మంచివాడికి పాము పేరా అని మా మిత్రుడు ఆటపట్టించేవాడు. నాకైతే అదొక బిరుదుగానే తోస్తుంది.

ఇక్కడ రస్సెల్ పద్ధతిని కాస్త గమనించాలి. ఆ కాలపు దొరలు చాలామంది కొత్త జంతువు కనపడితే తమకు నచ్చిన పేరు పెట్టి ముద్ర కొట్టేవారు. రస్సెల్ అలా చేయలేదు. ముందు ఇక్కడివాళ్ళు దాన్ని ఏమంటారో అడిగేవాడు, విన్నది విన్నట్టుగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాడు. ఉచ్చారణ కొంచెం అటూ ఇటూ అయినా మాట మాత్రం మనదే. జాలరులు తరతరాలుగా చేపలను విడదీసి గుర్తుపట్టే తీరులో ఒక శాస్త్రం ఉందని ఆయన గ్రహించాడు. నా దృష్టిలో పాముల ప్రయోగాల కంటే ఇదే ఆయన చేసిన గొప్ప పని.

ఆ పని ఫలితమే చేపల పుస్తకం. ఈ తీరంలో దొరికిన 200 రకాల చేపలను ఎంచి, ఒక్కొక్కదాని కొలతలు, రెక్కల ముళ్ళ లెక్క, పళ్ళ తీరు రాసి, ఒక స్థానిక చిత్రకారుని చేత బొమ్మలు వేయించాడు. చేప ఎండ తగిలిన గంటలో రంగు మారిపోతుంది. పడవ ఒడ్డుకు రాగానే తెచ్చి, కుళ్ళకముందే చూసి గీయాలి. ఆ చిత్రకారుడి పేరు మనకు చేరలేదు. చేపలు తెచ్చి పేర్లు చెప్పిన జాలరుల పేర్లూ చేరలేదు. చేపల పేర్లు మిగిలాయి, చెప్పినవాళ్ళ పేర్లు పోయాయి. మన చరిత్రలో చాలాచోట్ల ఇదే సంగతి.

ఆ 200 చేపల్లో సొరలూ, టేకులూ ఉన్నాయి. మాంసం తిన్న బాలింతకు పాలు పడతాయని మన తీరంలో చెప్పుకునే పాల సొర అందులో ఉంది. మా రికార్డులోకి ఎక్కిన సొర్ర కోవా కూడా ఉంది. 1789లో రస్సెల్ తమ్ముడితో కలిసి ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళ విశాఖ కాపురం అలా ముగిసింది. అయితే బొమ్మలూ నోట్సూ వెంట ఉన్నాయి. ప్లేగు పుస్తకం, అన్న పుస్తకం, పాముల పుస్తకం ఒక్కొక్కటీ ముగించి, చివరికి 1803లో విశాఖపట్నం చేపల గ్రంథాన్ని రెండు సంపుటాలుగా లండనులో అచ్చు వేయించాడు. అప్పుడాయనకు 77 ఏళ్ళు. 1805 జూలై 2న కన్నుమూశాడు.

మనిషి పోయాడు గాని పుస్తకం ప్రయాణం ఆగలేదు. పారిస్‌లో మహా పండితుడు కువియే దాన్ని దగ్గర పెట్టుకుని, సొర్రకోవా అనే మాటను శాస్త్రనామంలోకి ఎక్కించాడు. 1839లో జర్మను శాస్త్రజ్ఞులు ముల్లర్, హెన్లె ప్రపంచపు సొరల మీద రాసిన గొప్ప గ్రంథంలో మరొక సొరకు సొర్రా అని పేరు వచ్చింది. తోక కొసన, రెక్కల కొసల మీద సిరా చుక్క పెట్టినట్టు నల్లగా ఉండే ఆ సొరను ఈనాటికీ కార్కరైనస్ సొర్రా అనే పిలుస్తారు. మా సొర్రకోవా మాత్రం తరువాతి వారి దిద్దుబాట్లలో స్కోలియోడాన్ లాటికాడస్‌గా మారిపోయింది. పోతే పోనీండి, ఒక తెలుగు మాట ఇంకా నిలిచే ఉంది.

ఇంతవరకు రస్సెల్ చూసినది చెప్పాను. ఇక ఆయన చూడలేకపోయినది చెప్పాలి. నిజానికి ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

రస్సెల్ సొరలను బయటి నుంచి చక్కగా వర్ణించాడు. చర్మం గరుకు, మొప్పల మీద మూతలు లేవు, వరసగా చీలికలు, నోరు అడుగున. తరువాతి వాళ్ళు లోపలికి వెళ్ళారు. సొర ఒంట్లో ఎముకన్నది లేదు, అంతా మృదులాస్థి. గాలితిత్తి లేదు, నూనెతో నిండిన పెద్ద కాలేయమే దాన్ని నీళ్ళలో తేలికపరుస్తుంది. చర్మం గరుకుగా ఉండటానికి కారణం దాని మీద ఉన్నవి పళ్ళ నిర్మాణమే ఉన్న పొలుసులు కావడం. నోట్లో పన్ను ఊడితే వెనక వరస నుంచి కొత్త పన్ను వస్తుంది. ముక్కు చుట్టూ చిన్న చిన్న రంధ్రాలున్నాయి. రికార్డులో వాటిని లోరెంజినీ కలశికలని రాసుకున్నాం. ఇసుకలో దాక్కున్న చేప కండరాల నుంచి వచ్చే అతి సన్నని విద్యుత్తును అవి పసిగడతాయి. ఈ భూమ్మీద డైనోసార్ల కంటే ముందు నుంచి, 40 కోట్ల ఏళ్ళకు పైగా, ఈ వంశం బతికివస్తున్నది. ఇప్పుడు 500కు మించిన రకాలు ఉన్నాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది పిల్లలను కనే పద్ధతి. మామూలు చేప ఒక్కసారికి వేలు, లక్షల గుడ్లు నీళ్ళలో వదిలి తన దారిన తాను పోతుంది. అందులో నూటికి తొంభై తొమ్మిది పోయినా వంశం నిలుస్తుంది. సొర అలా కాదు. సొరల్లో ఎక్కువ రకాలు పిల్లలను కడుపులో మోసి కంటాయి. ఒక జాతి సొరలో పిల్లకు తల్లికి మధ్య బొడ్డుతాడు వంటిది ఉంటుందని గ్రీకు దేశపు అరిస్టాటిల్ రెండు వేల ఏళ్ళ కిందటే చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. సొర్రా పేరున్న గ్రంథం రాసిన ఆ ముల్లరే 1840 ప్రాంతాల్లో పరీక్షించి, అరిస్టాటిల్ మాట నిజమని తేల్చాడు. మనుషుల్లో మాయ ఉన్నట్టే కొన్ని సొరల్లోనూ ఉంటుంది. పచ్చసొన అయిపోయాక దాని తిత్తే గర్భాశయం గోడకు అతుక్కుని మాయగా మారుతుంది. మన నల్లకొసల సొర్రా పది నెలలకు పైచిలుకు మోసి, ఒకటి నుంచి ఎనిమిది పిల్లల దాకా కంటుంది. లెక్క చూడండి, ఇంచుమించు మన ఇళ్ళలో లెక్కే.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు, ట్రేలో అర్థమయింది. ఒకరోజు ప్రాక్టికల్లో నా వంతు వచ్చిన సొర కడుపు ఉబ్బెత్తుగా ఉంది. కత్తెరతో తెరిచేసరికి లోపల రెండు పక్కలా పిల్లలు, ఒక్కొక్కటి చిటికెనవేలంత, ఒక్కొక్కదానికీ సన్నని తాడు. కళ్ళు నల్లగా ఉన్నాయి. నేను లెక్క పెట్టాను, పదకొండు. ఆ రోజు మాకు కావలసింది నాడులే గనుక, వాటిని తీసి పక్కనున్న బకెట్లో వేసి పని కొనసాగించాను. మార్కులు బాగానే వచ్చాయి. ఆ పదకొండు మాత్రం నా లెక్కలో ఇంకా తీరలేదు.

ఆ సాయంత్రం మా మిత్రుడితో పాటు వాళ్ళ పేటకు వెళ్ళాను. వాళ్ళ నాన్నను నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. సంగతి చెబితే ఆయనకు ఆశ్చర్యం కలగలేదు. కడుపుతో ఉన్న సొర పడితే తమ తాత తెప్ప మీద నుంచే తిరిగి వదిలేసేవాడనీ, ఆ రోజుల్లో ఒడ్డుకు దగ్గరలోనే సొరలు తగిలేవనీ, ఇప్పుడు రోజురోజుకూ ఇంకా లోపలికి పోవలసి వస్తున్నదనీ చెప్పాడు. నేనది ముసలివాళ్ళ మాటగా తీసుకున్నాను. అన్ని తరాల వాళ్ళూ పాత రోజులే మంచివంటారు కదా. మా చదువు ముగిసే రోజుల్లోనే, 1976లో, ఇక్కడ చేపల రేవు వచ్చింది. మరబోట్లు పెరిగాయి.

బాబాయ్ చెప్పింది ముచ్చట కాదు, లెక్క అని తేలడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. 2021 జనవరిలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం నడిసముద్రపు సొరలు, టేకుల సంఖ్య 1970 నుంచి 71 శాతం పడిపోయింది. అదే ఏడాది మరొక పరిశీలనలో, ప్రపంచంలోని సొరలు, టేకులు, వాటి దాయాదుల్లో మూడోవంతుకు పైగా రకాలు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. మనుషులు ఏటా చంపే సొరలు సుమారు 10 కోట్లని 2013 నాటి ఒక అంచనా. సొరలు కరిచి చనిపోయే మనుషులు ప్రపంచం మొత్తం మీద సాధారణంగా ఏడాదికి పదిమందికి మించరు. ఎవరికెవరు భయపడాలో మీరే ఆలోచించండి.

సొర ఇలా తగ్గిపోవడానికి కారణం పైన చెప్పిన లెక్కే. సొరల సంఖ్య బ్యాంకులో అసలు లాంటిది. ఏటా పుట్టే పిల్లలు వడ్డీ. లక్షల గుడ్లు పెట్టే చేపకు వడ్డీ రేటు ఎక్కువ, ఎంత తీసినా కొంత నిలుస్తుంది. సొరకు వడ్డీ బహు తక్కువ. నాలుగు పిల్లలు, అవి ఎదగడానికి కొన్నేళ్ళు. పెద్ద రకాలకైతే పదేళ్ళు దాటుతుంది. ఉత్తర సముద్రాల్లోని గ్రీన్లాండ్ సొర ఈడేరడానికే నూట యాభై ఏళ్ళు పడుతుందని, కనీసం 272 ఏళ్ళు బతుకుతుందని 2016లో అంచనా కట్టారు. రస్సెల్ ఎడింబరోలో పుట్టిన నాడే పుట్టిన గ్రీన్లాండ్ సొర ఒకటి ఇప్పటికీ ఎక్కడో ఈదుతూ ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అటువంటి జీవిని రెక్కల సూపు కోసం, నూనె కోసం, వేరే చేప కోసం వేసిన వలలో పొరపాటున పట్టి చంపితే, మనం తింటున్నది వడ్డీ కాదు, అసలే.

పోతే పోయింది, సొర లేకపోతే మనకేం నష్టమనేవాళ్ళూ ఉన్నారు. సముద్రంలో పైమెట్టున ఉండి, కింది చేపల సంఖ్యను అదుపులో పెట్టేవాటిలో పెద్ద సొరలు ముఖ్యమైనవి. పైమెట్టు ఖాళీ అయితే కింది లెక్కలన్నీ తారుమారు అవుతాయి. అది చివరికి జాలరి వలలోకే వస్తుంది. అంచేత సొర రక్షణ జాలరికి వ్యతిరేకమని నేననుకోను. బాబాయ్ తాత కడుపుతో ఉన్న సొరను వదిలినప్పుడు ఏ చట్టమూ లేదు, ఏ ఉద్యోగీ చెప్పలేదు. ఎల్లుండి కూడా సముద్రంలోకి పోవాలన్న ఆలోచన ఉన్నవాడు గనుక వదిలాడు.

చట్టాలు తరువాత వచ్చాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి పట్టికలో 2001లో తిమింగల సొరను చేర్చారు. అదే ఏడాది మరికొన్ని సొరలు, టేకులు, రంపపు చేపలు చేరాయి. రెక్కలు మాత్రం కోసుకుని మొండేన్ని సముద్రంలో పారేసే క్రూరమైన అలవాటును ఆపడానికి, సొరను రెక్కలతో సహా ఒడ్డుకు తేవాలని 2013లో నియమం పెట్టారు. 2015లో సొర రెక్కల ఎగుమతిని నిషేధించారు. 2022లో అంతర్జాతీయ వర్తక ఒప్పందంలో మన సొర్రా ఉన్న కుటుంబం మొత్తాన్ని నియంత్రణ కిందికి తెచ్చారు. 2021 డిసెంబరులో మన పక్కనే తంతడి తీరంలో ఒక పెద్ద తిమింగల సొర వలలో చిక్కి ఒడ్డుకు వస్తే, జాలరులు, అటవీశాఖ వారు కలిసి దాన్ని తిరిగి లోతు నీళ్ళలోకి చేర్చారు. పేపర్లో ఆ వార్త చదివి బాబాయ్ తాతను తలుచుకున్నాను. ఆ బుద్ధి ఈ తీరంలో ఇంకా చావలేదు.

కాని చట్టం ఒక్కటే చాలదు. ఏ సొరను వదలాలి, ఏది పట్టవచ్చు అని చెప్పాలంటే ముందు ఏది ఏదో తెలియాలి. చాలాచోట్ల లెక్క పుస్తకాల్లో అన్నీ కలిపి సొర అని ఒక్క గీతలో రాసేస్తారు. రస్సెల్ 1780ల్లో అలా రాయలేదు. పాల సొర వేరు, సొర్ర కోవా వేరు అని విడివిడిగా అడిగి రాసుకున్నాడు. మనం చేయవలసిన పని ఇంకా అదే. ఇక్కడ చదివే జంతుశాస్త్రం విద్యార్థులు వారానికొక్క ఉదయం చేపల రేవుకు పోయి, ఏ రకం ఎన్ని వచ్చాయి, ఎంత పొడుగు, కడుపుతో ఉన్నవెన్ని, జాలరులు దాన్ని ఏమంటున్నారు అని రాసుకుంటే, పదేళ్ళలో ఈ తీరానికి ఒక లెక్క తయారవుతుంది. కత్తెర అక్కర్లేదు, ఫార్మలిన్ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, తెల్లవారుజామున లేచే ఓపిక ఉంటే చాలు. ఈసారి మాత్రం చెప్పినవాళ్ళ పేర్లూ పక్కన రాయండి. రస్సెల్ పుస్తకంలో మిగిలిపోయిన ఖాళీ అదొక్కటే.

రెండు వందల ఏళ్ళ కిందట ముసలితనంలో ఈ ఊరు వచ్చి, తనది కాని భాషలో మాటలు నేర్చుకుని, మన సొరకు పుస్తకంలో చోటిచ్చిన ఆ డాక్టరుకు ఈ ఊళ్ళో చదువుకున్న మనం చెల్లించగలిగిన బాకీ అంతకంటే ఇంకేముంటుంది? పేరు నిలిచింది. పేరుగల జీవి నిలవాలి. మా మనవరాలు నా పాత రికార్డు చూసి ఇదేం చేప తాతా అని అడిగితే, బొమ్మ చూపించి ఊరుకోవడం నాకిష్టం లేదు. ఒక తెల్లవారుజామున రేవుకు తీసుకుపోయి, అదిగో, నల్లకొసల సొర, మన పేరున్నదే అని చూపించాలని ఉంది. ఆ రోజుకు అది అక్కడ ఉండాలి మరి.